పదకొండో నంబరు

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఐదుగురున్నారు. ముందుగదిలో సోఫాకి అడ్డంగా పడుకుని ఫోను చూసుకుంటున్న ఆడపడుచు, సెలవులకి వచ్చింది. ఆమె కాళ్ళ దగ్గర కుర్చీలో అత్తగారు. భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు భర్త, ఆయన పక్కన ప్రయోగశాల పెద్దసారు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఆమె. మనుషులు ఐదుగురు గానీ కాఫీలు నాలుగే కలిశాయి. అయిదోది తనదని ఆమెకి చివరి ఉల్లిపాయ దగ్గర గుర్తొచ్చింది.

భార్యాభర్తలిద్దరిదీ ఒకే ప్రయోగశాల. ఒకప్పుడు ఆమే ఆయనకన్నా సీనియరు. అత్తగారికి మోకాలి ఆపరేషనైతే ఏడాది సెలవు పెట్టింది. తిరిగి వెళ్ళేసరికి ఆయన బృందానికి నాయకుడు, ఆమె సహాయకురాలు. "ఒకే కొంపలో ఇద్దరు నాయకులెందుకులేవోయ్" అని ఆయన నవ్వితే ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ అరగలేదు.

వాళ్ళు చేస్తున్న పని చెప్పుకోవడానికి కష్టమేమీ కాదు. ఒంట్లో ప్రతి కణానికీ పైన గ్రాహకాలుంటాయి. బయటినుంచి వచ్చే కబురు అందుకుని లోపలికి చేరవేసేవి అవే. గాయమైనప్పుడు శరీరం పంపే పదార్థం ఒకటి వాటిలో రెండింటిని దగ్గరికి లాగితే, లోపలికి రెండు కబుర్లు వెళతాయి. ఒకటి, గాయం మాన్పమని. రెండోది, వాపు తెమ్మని. మొదటిది మాత్రమే వెళ్ళేలా చెయ్యగలిగితే ఎన్నేళ్ళయినా మానని పుండ్లకి మందు దొరికినట్టే. అందుకోసం యాంటీబాడీని పోలిన రెండు తలల అణువుల్ని తయారుచేస్తున్నారు. ఒక్కో తల ఒక్కో గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఎంత గట్టిగా పడితే అంత మంచిదని ప్రయోగశాలలో అందరి నమ్మకం. పట్టుని బట్టి వాటికి నంబర్లు వేస్తారు, అన్నిటికన్నా గట్టిది ఒకటో నంబరు. పది దాటినవి చెత్తలోకి పోతాయి.

మూడు నెలల కిందట భర్త ఒక డబ్బా మీద "పారేయాలి" అని రాసి ఆమె చేతికిచ్చాడు. పారేసే ముందు ఒక్కసారి కణాల మీద వేసి చూద్దామనుకుంది. వేసింది. పదకొండో నంబరు దగ్గర ఆగిపోయింది. ఒకటో నంబరుని పక్కన పెట్టుకుని ఏడుసార్లు తిరిగి చేసింది. ఏడుసార్లూ అదే ఫలితం. ఆ సంగతి భర్తకి చెప్పబోయినప్పుడు ఆయన పళ్ళు తోముకుంటున్నాడు. నోటినిండా నురగతో, చూద్దాంలే అన్నట్టు చెయ్యి ఊపాడు. రెండోసారి క్రికెట్ చూస్తున్నాడు. మూడోసారి "నీకు అన్నీ అనుమానాలే" అన్నాడు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినా అనేమాట అదే కాబట్టి, ఆమె ఫలితాలు రాసుకున్న పుస్తకం మూసేసింది.

"ఐదింటికి కమిటీ సమావేశం" అంటున్నారు బల్ల దగ్గర పెద్దసారు. "ఒక్కో బృందం నుంచి ఒక్కరే మాట్లాడాలన్నారు. నువ్వు ఒకటో నంబరు చూపించి, దీన్నే జంతువుల మీద పరీక్షకి పంపుతున్నామని చెప్పు. ఇక వెనక్కి తిరిగి చూసుకునేది లేదు."

కత్తి ఆగింది. చేతులు కడుక్కోకుండానే ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఒకటో నంబరు పంపకండి సార్. అది వాపు తెస్తుంది."

"ఉల్లిపాయలతో ఏడుస్తోంది, పట్టించుకోకండి సార్" అన్నాడు భర్త. ఆడపడుచు కిసుక్కున నవ్వింది.

ఆమె కళ్ళు భుజానికి తుడుచుకుంది. "మొదటి కబురు అణువు అంటుకోగానే వెళ్ళిపోతుంది సార్. రెండోది వెళ్ళాలంటే గ్రాహకాలు రెండూ చాలాసేపు కలిసే ఉండాలి. ఒకటో నంబరు పట్టిందంటే వదలదు. అందుకే రెండు కబుర్లూ పోతున్నాయి. ఆపైన కణం విసిగిపోయి గ్రాహకాల్నే లోపలికి మింగేస్తుంది. ఇక మందు ఉన్నా లేనట్టే. పదకొండోది పట్టుకుంటుంది, వదిలేస్తుంది, మళ్ళీ పట్టుకుంటుంది. మొదటి కబురు రోజంతా వెళుతూనే ఉంటుంది. రెండోది అసలు వెళ్ళదు."

పెద్దసారు భర్త వైపు తిరిగారు. "పదకొండా? ఎన్నిసార్లు చేశారయ్యా?"

"చేశాం సార్... అంటే, రెండో మూడో..."

"ఏడు" అంది ఆమె.

పెద్దసారు పుస్తకం తెప్పించుకుని పది నిమిషాలు తలెత్తకుండా చదివారు. "బంగారంలాంటి పని చేశావమ్మా. ఇది మీ ఆయనకి కాస్త అర్థమయ్యేలా చెప్పు, తను అక్కడ చెప్తాడు. నలుగురిలో నీకు నోరు పెగలదు కదా."

పోయినేడు కమిటీ ముందు నిజంగానే పెగల్లేదు. ఆ ఒక్కరోజునీ ఏడాది పొడవునా ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ కలిసి పెంచి పోషించారు. ఆమె కూడా పోషించింది. ఇప్పుడు తల ఊపితే సరిపోతుంది, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. మందు తయారవుతుంది, పుండ్లు మానుతాయి, పదకొండో నంబరు ఆయన కనిపెట్టింది అవుతుంది. సోమవారం నుంచి ఆయన రాసిచ్చిన డబ్బాలు తను మోస్తుంది.

"ఇప్పుడు పెగిలింది కదా సార్. చెప్తే నేనే చెప్తాను. లేదంటే పుస్తకం ఇక్కడే ఉంటుంది."

"మరి వంట?" అన్నారు అత్తగారు, ఇల్లు కూలుతోందన్నట్టు.

"బాగుంది వదినా! మేం పస్తులుండాలా?" అంది ఆడపడుచు, ఈసారి లేచి కూర్చుని.

"సారు ముందు నా పరువు తీస్తావా?" అన్నాడు భర్త పళ్ళు నూరుతూ.

పెద్దసారు గడియారం చూశారు. పరువు ఎవరిదైనా, కమిటీ ముందు తప్పు అణువు చూపించి నిలబడాల్సింది తనేనని ఆయనకి తట్టినట్టుంది. "ఇరవై నిమిషాల్లో బయల్దేరాలమ్మా. కింద కార్లో ఉంటాను" అని మెట్లు దిగిపోయారు.

ఆమె ఎనిమిది నిమిషాల్లో తయారైంది. పుస్తకం సంచిలో పెట్టుకుని భర్త చేతికి గరిటె ఇచ్చింది. "ఉల్లిపాయలు తరిగి పెట్టాను. మంట సన్నగా పెట్టండి, మాడితే వాసన పోదు."

ఆయన గరిటెతోనే గుమ్మం దాకా వచ్చాడు. "ఎప్పుడొస్తావ్?"

"అయ్యాక."

ఆయన తలుపు ధడాలున వేశాడు. పదేళ్ళుగా ఆ చప్పుడుని బట్టే ఆయన కోపం ఎంతో, ఎన్ని రోజులుంటుందో ఆమె ఠక్కున చెప్పగలిగేది. ఇవాళ లెక్క కట్టలేదు, అప్పటికే రెండో మలుపు మెట్లు దిగుతోంది.