దుప్పటి కప్పే దెయ్యం

మా అన్నయ్య తీసిన దెయ్యం సినిమాలో హీరో అన్నయ్యే, కెమెరా, ఎడిటింగ్ నేను, దెయ్యం మా పిన్ని. బయటివాళ్లను పెట్టుకునే స్తోమత మాకెక్కడిది? అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది పిన్నే, బట్టలు కుట్టి. దెయ్యం గౌను కూడా తనే కుట్టుకుంది. జుట్టు విరబోసుకుని, "ఎలా ఉన్నానే, భయమేస్తోందా?" అని పొద్దస్తమానం నన్ను అడిగేది.

కథలో హీరోకి ఒకావిడ కనబడుతుంటుంది. ఆవిడ దెయ్యమో, అతని మనసు ఆడే ఆటో తెలియక అతనికి పిచ్చెక్కిపోతుంటుంది.

శుక్రవారం మొదటి ఆట. జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. నిద్రపోతున్న హీరో మీదికి దెయ్యం వంగింది. వంగి, జారిపోయిన దుప్పటిని మెడదాకా లాగి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. హాలంతా గొల్లున నవ్వింది. మళ్లీ తీసే వీల్లేక ఆ షాట్ అలాగే ఉంచేశాం మరి. సాయంత్రానికి ఎవరి ఫోన్‌లో చూసినా "దుప్పటి కప్పే దెయ్యం" అంటూ ఒకటే వెటకారం. "ఈ దెయ్యాన్ని చూస్తే భయం వేయలేదు, ఆకలేసింది" అని ఒకడు రాశాడు.

అన్నయ్య తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ షాట్ తీసెయ్. ఆదివారం పిన్ని తన దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లందర్నీ వెంటేసుకుని వస్తోంది. వాళ్ల ముందు నవ్వులపాలు కావాలా? అయినా నేను చెప్పిందేంటి, ఆవిడ చేసిందేంటి? వంగి చూడమన్నాను, అంతే కదా!"

నాకు ఒళ్లు మండింది. షూటింగులో రికార్డైన అసలు శబ్దం పెట్టి వినిపించాను. గుర్రు.

"ఎవరిదది?"

"నీదే. సినిమాలో వినబడకుండా తీసేశాను. అన్ని రోజులూ కంటిమీద కునుకు లేదేమో, పడుకోగానే నిజంగానే నిద్రపోయావు. నిన్నలా చూసి పిన్ని దెయ్యం సంగతే మర్చిపోయింది. కట్ చెప్పడానికి నాకు మనసొప్పలేదు."

అన్నయ్య ఆ షాట్ మళ్లీ పెట్టమన్నాడు. చూసి, ఇంకోసారి పెట్టమన్నాడు. తీసెయ్యమని మాత్రం ఇక అనలేదు.

ఆదివారం పిన్ని మా ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆ షాట్ రాగానే జనం నవ్వారు. పిన్ని మొహం చిన్నబోయింది.

"తప్పు చేశాన్రా?"

"లేదు పిన్నీ" అన్నాడు అన్నయ్య.

చివరి సీను. హీరో కోరుకున్నట్టే దెయ్యం వెళ్లిపోయింది. ఖాళీ ఇంట్లో ఒక్కడే మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు. దుప్పటి కిందికి జారింది. కప్పడానికి ఎవరూ రాలేదు. ఇందాక నవ్వినవాళ్లు కిక్కురుమనడం లేదు.

పిన్నికి చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాసే లేదు. తెరవైపు చూస్తూ పైకే అనేసింది.

"కప్పుకో నాన్నా, చలేస్తుంది."

ఒక్కరూ నవ్వలేదు. మా వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.

పక్క సీట్లోంచి అన్నయ్య, చిన్నప్పటిలాగే, "కప్పుకుంటాను పిన్నీ" అన్నాడు.