"పాప" అని రాసిన వరుస

టీకాల కార్యక్రమం ఏమాత్రం సాగుతోందో తేల్చే నివేదికకు కావలసినవన్నీ నర్సులు రోజూ రాసే రిజిస్టర్లలోనే ఉన్నాయి, తప్పులతో సహా. వాటిలో తలనొప్పి తప్పు "పాప". పుట్టగానే వేసే టీకా నాటికి బిడ్డకు పేరెక్కడిది? తల్లి పేరు రాసి, పక్కన "పాప" అని రాసేస్తారు. పేరు పెట్టాక వేరే కేంద్రానికి వెళితే అదే బిడ్డ కొత్త వరుసలోకి ఎక్కుతుంది. పాత వరుస మాత్రం టీకాలు మానేసినవాళ్ళ లెక్కలో పడుతుంది.

ఇలాంటి జంట వరుసల్ని పట్టి కలపడం ఆ నివేదిక తయారుచేసే లెక్కలాయన ఉద్యోగం. పుట్టిన తేదీ, బరువు, తల్లి పేరు చూసి ఇట్టే కలిపేస్తాడు. సొంత కాపురం దగ్గరే ఆ తెలివి పనిచేయలేదు మహానుభావుడికి. బిడ్డకు పేరైనా పెట్టకముందే భార్య తీసుకుని వెళ్ళిపోయింది.

రెండేళ్ళుగా ఒక "పాప" వరుస జోలికి అతను పోలేదు. తండ్రి గడిలో తన పేరున్న వరుస అది. తండ్రీ కూతుళ్ళు ఒకచోట ఉన్నది అక్కడే.

ఆ మధ్యాహ్నం వేరే ఊరి డేటా వచ్చింది. అదే తేదీ, అదే రెండు కిలోల మూడు వందల గ్రాములు, అదే తల్లి. టీకాలన్నీ రోజు తప్పకుండా పడ్డాయి. తండ్రి గడి ఖాళీ. బిడ్డకో పేరుంది.

"ఏం బాబూ, కొయ్యబారిపోయావు?" అంది రిజిస్టర్లు ఇవ్వడానికి వచ్చిన పెద్ద నర్సు. పాపకు మొదటి టీకా వేసింది ఆవిడే.

"మా పాప దొరికిందమ్మా. కలిపితే నా పేరున్న వరుస పోతుంది. టీకాలు పూర్తిగా ఉన్న వరుసే ఉంచాలని నియమం."

ఆవిడ వంగి తెర మీది రెండు వరుసలూ చూసింది. "కలపకపోతే, అన్నీ వేయించిన తల్లి మానేసినట్టు లెక్క. అలా రాస్తావా?"

రాయలేడు. బిడ్డను చంకనేసుకుని ఆమె ఒక్కతే ఎన్నిసార్లు క్యూలో నిలబడిందో ఆ తేదీలే చెబుతున్నాయి. ఒక్కసారైనా ఆ పక్కన తాను నిలబడి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. బటన్ నొక్కాడు. మానేసినవాళ్ళలో ఒకరు తగ్గారు.

"ఇంతకీ ఏం పేరు పెట్టుకున్నారు?"

కంప్యూటర్లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. దీర్ఘం ఉందో లేదో తెలియదు. ఒకసారి దీర్ఘంతో, ఒకసారి దీర్ఘం లేకుండా చెప్పాడు. ఏదని పిలిస్తే పలుకుతుందో అతనికి తెలియదు.