సేకరణ: ఇంటర్నెట్

నేను ఒక ఫొటోను. ఉచితంగా దొరికేదాన్ని. ఈ రెండో మాట వినగానే మీ చూపు మారిపోతుందని నాకు తెలుసు, పన్నెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఉచితం అంటే దిక్కులేనిదని మీ అభిప్రాయం.

నాకూ పుట్టిల్లు ఉంది. జగిత్యాలలో ఒక పెంకుటింటి వసారా అది. అక్కడ బుచ్చవ్వ అనే నాటువైద్యురాలు రాతి కల్వంలో తిప్పతీగ నూరుతోంది. పొద్దుటి ఎండ ఆమె చేతుల మీద పడుతోంది. ముంజేతుల మీద పచ్చబొట్లు, గోళ్లలో ఆకుపసరు, కుడి బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే నిరంజన్ సారు కెమెరా ఎత్తి ఒక్కసారి నొక్కాడు. నేను పుట్టాను. నాలో ఆమె ముఖం లేదు, చేతులూ కల్వమూ మాత్రమే ఉన్నాయి. అందుకే నా కింద పేరు అవసరమైంది.

"గీ ఫొటో ఏం జేస్తవు సారూ?" అని అడిగింది బుచ్చవ్వ.

"ఇంటర్నెట్ల పెడ్త అవ్వా. బడిపిల్లలకు మన మందుల ఫొటోలు దొరుకుతలెవ్వు. ఎవలైనా తీసుకోవచ్చు, అడిగే పని లేదు. కింద నీ పేరు రాస్తే చాలు."

"రాస్తరా మరి? మా నాయిన ఊరందరికి మందిచ్చిండు. ఆయన పేరు ఇప్పుడు ఎవలకు యాదికి లేదు."

"రాస్తరవ్వా" అన్నాడు సారు.

సారు మంచివాడు. మంచివాళ్లు అప్పుడప్పుడూ ఇతరుల తరఫున కూడా మాట ఇచ్చేస్తుంటారు. ఉచిత ఫొటోలు ఉండే ఒక సైటులో నన్ను పెట్టి, ఆమె పేరూ, వాడ పేరూ, ఆ ఒక్క షరతూ తేటతెల్లంగా రాశాడు. నేను కోరింది మూడక్షరాలు.

ఇక చూడండి మీ నిర్వాకం. ముందు తలనూనె అమ్మేవాళ్లు ఎవరో నన్ను ఎత్తుకెళ్లారు. పచ్చబొట్లు చెరిపారు, మచ్చ చెరిపారు, చేతులకు తెల్లరంగు తెప్పించారు. పక్కన 'మహర్షుల రహస్యం' అని రాశారు. ఏ మహర్షి బాబూ? ఆ తీగను వేపచెట్టు మీది నుంచి లాక్కొచ్చింది బుచ్చవ్వ. తర్వాత వాట్సాప్‌లో పడ్డాను. మోకాళ్ల నొప్పులు మూడు రోజుల్లో మాయం, ఈ సంగతి ఇరవై మందికి పంపండి అని నా కింద రాశారు. బుచ్చవ్వ ఏనాడూ ఎవరికీ గడువు చెప్పలేదు. ముందు నాలుక చూపించమంటుంది, తగ్గకపోతే పెద్దాసుపత్రికి పొమ్మంటుంది. ఆపైన ఫొటోల వ్యాపారం చేసే కంపెనీ ఒకటి నన్ను తన సరుకులో కలుపుకుని, ఈ మూల నుంచి ఆ మూలకు నా ఒంటి మీద తన ముద్ర కొట్టింది. అందరికీ ఇచ్చేసిన నన్ను తన సొత్తని కాపలా కాయడానికి సిగ్గన్నా ఉండాలి.

కానీ నా కడుపు ఎక్కువ మండింది బడుల మీద. సంప్రదాయ భారతీయ వైద్యం అనే ప్రాజెక్టు ఏటా వస్తుంది. ఏటా నన్ను అట్ట మీద అతికిస్తారు. కింద ఎప్పుడూ ఒకటే మాట, 'సేకరణ: ఇంటర్నెట్' అని. ఇంటర్నెట్ ఏనాడు తిప్పతీగ నూరిందో నాకైతే తెలియదు.

ఈ ఏడు నేను నస్రీన్ కంట పడ్డాను. జగిత్యాలలోనే ఏడో తరగతి చదువుతున్న పిల్ల. అమ్మ ఫోనులో వెతికితే ముందు ముద్ర కొట్టిన నేనే కనిపించాను. ప్రింటు కోసం వెళ్తే నెట్ సెంటరు ఆయన ఆ ముద్ర తుడిచి ఇస్తానన్నాడు.

"వద్దన్నా. తుడిస్తే దొంగతనం జేసినట్టే గదా" అంది నస్రీన్.

ఇంకా వెతికి, నిరంజన్ సారు పెట్టిన అసలు పేజీ పట్టుకుని షరతు చదివింది. నేను చూసినంతలో దాన్ని చివరిదాకా చదివిన మొదటి మనిషి ఆ పిల్లే. వాడ పేరు చూసి ఆశ్చర్యపోయింది. బుచ్చవ్వ ఇల్లు వాళ్ల వెనక గల్లీలోనే ఉంది. నన్ను ప్రింటు తీయించి అట్ట మీద అతికించి, కింద స్కెచ్ పెన్నుతో 'చేతులు: బుచ్చవ్వ' అని రాసింది. సాయంత్రం వెళ్లి ఆమెను బడి ప్రదర్శనకు పిలిచి వచ్చింది.

ప్రదర్శన రోజు పొద్దున అట్టలన్నీ చూసుకుంటూ వచ్చిన సైన్సు టీచరు అరుంధతి నా దగ్గర ఆగింది.

"ఈ బుచ్చవ్వ ఎవరు? మీ చుట్టమా?"

"కాదు టీచర్. ఆ చేతులు ఆమెవే. పేరు రాయాలె అని షరతుంది."

"ముప్పై అట్టల మీద సేకరణ ఇంటర్నెట్ అనే ఉంది. పైనుంచి ఆఫీసర్లు వస్తున్నరు, అన్నీ ఒక్క తీరుగ ఉండాలె. తెల్లకాయితం అతికించి రాయి."

నస్రీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. టీచరు మాట కాదనే ధైర్యం లేదు. పేరు మీద కాగితం అతికించి 'సేకరణ: ఇంటర్నెట్' అని రాసింది. ఫొటోకు నోరు లేదు గానీ, ఉంటే ఆ రోజు బడి పైకప్పు లేచిపోయేది.

పదకొండింటికి బుచ్చవ్వ వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని, కర్ర పట్టుకుని. ఆఫీసర్లు నా ముందే నిలబడి ఉన్నారు. వాళ్లను పక్కకు జరగమని చెప్పి, నన్ను చూసి తన చేతులను గుర్తుపట్టింది.

"నాకు సదువు రాదు బిడ్డా. నా పేరు యాడున్నది?"

నస్రీన్ టీచరు వైపు చూసింది. తర్వాత బుచ్చవ్వ చేతుల వైపు చూసింది. గోటితో కాగితం అంచు ఎత్తి ఒక్క గుంజు గుంజింది.

"ఇగో అవ్వా."

మచ్చ ఉన్న బొటనవేలిని బుచ్చవ్వ అక్షరాల మీద మెల్లగా ఆనించింది.

"గివి ఎన్ని అచ్చరాలు?"

"మూడు."

"సారు ఫొటో దీసి పన్నెండేండ్లాయె" అంది బుచ్చవ్వ. "మూడచ్చరాలు రాసేతందుకు గన్నేండ్లు వట్టిందా?"

ఆఫీసర్లు టీచరు వైపు చూశారు. టీచరు అట్ట వైపు చూసింది. కాగితంతో పాటు చివరి అక్షరం సగం ఊడిపోయింది. టీచరు తన చేతిలోని పెన్ను నస్రీన్‌కు ఇచ్చింది. అందరూ చూస్తుండగా ఆ పిల్ల దాన్ని మళ్లీ దిద్దింది.