బుడగలమ్మ పగలగొట్టిన బంతి

ప్రయోగశాలలో అందరూ ఆమెను బుడగలమ్మ అనేవాళ్లు. ఆ పేరు ఎవరు తగిలించారో గానీ, కోపం తెచ్చుకునే తీరిక ఆమెకు లేదు. పనే అలాంటిది మరి. చక్కెర నీళ్లను బిగించిన ఉక్కు డబ్బాలో ఉడికిస్తే, కంటికి ఆనని బొగ్గు బంతులు తయారవుతాయి. వాటి మీద వెలుగునిచ్చే పదార్థాన్ని పల్చటి పొరగా పట్టించి కొలిమిలో పెడితే, బొగ్గు కాలి గాలిలో కలిసిపోతుంది. పొర ఒక్కటే గుల్లగా మిగులుతుంది. మిగలాలి. మిగిలితే పిసరంత పదార్థంతోనే బోలెడు వెలుగు.

ఆమె అక్కావాళ్లింట్లో ఉంటోంది. ఆ రోజు పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ బావ మొదలుపెట్టాడు.

"అంటే మా మరదలు చక్కెర మాడ్చి, దాన్ని మళ్లీ కాల్చి, మిగిలిన ఖాళీని చూసుకుని మురిసిపోతుందన్నమాట."

"ముందు నీ చొక్కా మాడకుండా చూసుకో బావా."

"అది సరే, లోపల ఖాళీ అని ఎలా తెలుస్తుంది? పగలగొట్టి చూశావా?"

"ప్రాణం పెట్టి చేసుకున్నవాటిని పగలగొడతానా? నీ నోటికో దండం!"

ఊరికే అనలేదామె. ఇంతకుముందు తొందరపడి కొలిమిని ఒక్కసారిగా వేడెక్కిస్తే, లోపలి బొగ్గు పొగై తన్నుకొచ్చి పెంకులన్నీ తునాతునకలయ్యాయి. "ఇవి ముక్కలమ్మా. బంతులని నేనెలా నమ్మేది?" అన్నాడు ప్రొఫెసరు. ఆయన ఎవరేం చూపించినా "అయితే ఏంటి?" అనే మనిషి. ఈసారి ఖాళీ బంతులు చూపించకపోతే సోమవారం నుంచి వేరే పని చేసుకోమని తేల్చి చెప్పేశాడు. ఆ మాట విన్నాక ఆమెకు ముద్ద దిగితే ఒట్టు.

అందుకే ఈసారి కొలిమిని నెమ్మదిగా, పసిపిల్లకు నీళ్లు కాచినట్టు వేడిచేసింది. ఇంటినుంచి ప్రయోగశాలకు వెళ్లి తెరిస్తే మంచులాంటి తెల్లటి పొడి. ప్రత్యేకమైన నీలి దీపం కింద పెట్టగానే అది ఎర్రగా వెలిగింది. ఎన్నిసార్లు చూసినా ఆమెకు ఆ వెలుగు మీద మోజు తీరదు.

ప్రొఫెసరు కూడా వచ్చి కూర్చున్న మైక్రోస్కోపు గదిలో, తెర నిండా బంతులు. ఎక్కడా చిన్న సొట్ట లేదు. ఆమెకు ఆనందంతో కళ్లు చెమర్చాయి.

"భలే గుండ్రంగా ఉన్నాయే!" అంది మైక్రోస్కోపు నడిపే మేడమ్. "మరి లోపల?"

ఆ యంత్రానికి కనిపించేది పైపై పొర మాత్రమే.

"గట్టి బంతులైనా ఇలాగే కనిపిస్తాయిగా. అయితే ఏంటి?" అంటూ ప్రొఫెసరు కుర్చీలోంచి లేచాడు.

ఆమె తెరంతా గాలించింది. పగిలింది ఒక్కటంటే ఒక్కటి లేదు. తన జాగ్రత్త మీద తనకే ఒళ్లు మండింది. పొద్దున బావ అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది.

"సార్, వెళ్లకండి! ఒక్క నిమిషం!"

చిటికెడు పొడిని రెండు గాజు పలకల మధ్య పెట్టింది. కళ్లు గట్టిగా మూసుకుని నొక్కి రుద్దింది.

ఆ పొడిని మళ్లీ యంత్రంలో పెట్టి, అది లోపలి గాలినంతా తోడేసేదాకా ఆగారు. తెర మీద మొదట కనిపించింది సగం విరిగిన బంతి. కోడిగుడ్డు పెంకులా పల్చగా ఉంది గోడ.

"ఖాళీయే!" అని అరిచింది మేడమ్. అంతలోనే, "అయ్యో, మధ్యలో అదేంటి?" అంది.

ఆ పెంకు లోపల ఇంకో చిన్న బంతి ఉంది. బుడగలమ్మ గాజు పలక మీద మిగిలిన పొడి వంక చూసింది. బొగ్గు మిగిలిపోయిందా? అలాగైతే పొడి నల్లబడాలి, ఇది మల్లెపువ్వులా ఉంది.

"పదార్థం బొగ్గులోకి కూడా ఇంకి ఉంటుంది సార్," అంది తడబడుతూ. "బొగ్గు కాలి కుంచించుకుపోతుంటే లోపల ఇంకో బంతి కట్టుకుందేమో. నిజంగా నాకు తెలీదు."

ప్రొఫెసరు తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాడు. తర్వాత మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"మరి దాని లోపల?" అన్నాడు.

ఆయన నోట అలాంటి ప్రశ్న ఆమె ఎన్నడూ వినలేదు.

"సోమవారం నుంచి వేరే పని అన్నారు కదా సార్..."

"సోమవారం సంగతి ఇప్పుడెందుకమ్మా? ఆ పలకలు ఇలా ఇవ్వు," అంటూ ఆయన చెయ్యి చాచాడు.

బుడగలమ్మ పలకలను చటుక్కున గుండెలకు హత్తుకుంది.

"ఏమనుకోకండి సార్. నా బంతుల్ని నేనే పగలగొట్టుకుంటాను."