పదకొండున్నర అంగుళాలు

సోమవారం పొద్దున పెద్దాయన కాలు కొలిస్తే పదకొండున్నర వచ్చింది. అంతకుముందు సోమవారం తొమ్మిదిన్నరే. ముప్పై ఏళ్లుగా కుట్టుపని చేస్తున్నదాన్ని, కొలతల విషయంలో నా మాటకు తిరుగులేదని మా వీధి మొత్తం ఒప్పుకుంటుంది. అందుకే ఆ అంకె చూశాక మళ్లీ కొలవలేదు. టేపు చుట్ట చుట్టి మెషిన్ మీద పెట్టి అక్కడే నేల మీద కూలబడ్డాను.

పెద్దాయన అంటే మా కుక్క. నిలబడితే వాడి వీపు నా నడుము దాకా వస్తుంది. ముందుకాళ్లు ఎత్తి భుజాల మీద వేశాడంటే మా ఆయన కంటే పొడుగు. వయసు తొమ్మిదేళ్లు, ఆ జాతికి అది ముసలితనమే. మూడు నెలల కిందట కుడి ముందుకాలు కుంటుతుంటే బెణికిందనుకున్నాం. ఎముకలో చెడ్డ గడ్డ పుట్టిందని, కాలు తీసేద్దామంటే మిగతా మూడు కాళ్లూ ఆ బరువు మోయలేవని డాక్టరు తేల్చేశాడు. నొప్పికి మాత్రలు రాసిచ్చాక నా మెడలో వేలాడే టేపు ఆయన కంట్లో పడింది.

"అమ్మా, మీరైతే సరిగ్గా కొలుస్తారు. ప్రతి సోమవారం వాపు చుట్టుకొలత చూడండి. పదకొండు దాటితే ఎముక ఎప్పుడైనా విరగొచ్చు. అప్పుడు వాడు పడే బాధ మీరు చూడలేరు. దాటగానే ఫోన్ చేయండి, ఇంటికే వచ్చి సూదేసి శాశ్వతంగా నిద్రపుచ్చేస్తాను" అన్నాడు.

అప్పటి నుంచి మా ఇంట్లో పదకొండు అనే మాట ఎవరూ పలకలేదు. గడియారం పదకొండు కొడితే కూడా నాకు చిరాకుగా ఉండేది.

ఇది చాలదన్నట్టు పిడుగొకటి. పెద్దాయనకు జబ్బని తెలియక ముందే, వాడికి తోడుంటుందని అదే జాతి ఆడ కుక్కపిల్లను తీసుకుంటానని మా ఆయన ఒక స్నేహితుడికి మాటిచ్చాడు. మాత్రలు మొదలైన వారానికే పిల్ల దిగింది. ఐదు నెలలకే దూడంత అయింది, బుద్ధి మాత్రం పాలు తాగే పిల్లదే. చెప్పులు, కుర్చీ కాలు, ఎవరో కుట్టమని ఇచ్చిన కొత్త కోటు కాలరు, దేన్నీ వదల్లేదు. ఒకసారి పెద్దాయన కోసం ఉడికించిన గుడ్డులో మాత్ర దాచిపెడితే, నేను వెనక్కి తిరిగేలోగా ఇది గుటుక్కున మింగేసింది. డాక్టరుకు ఫోన్ చేస్తే, ఏం కాదు, నిద్రపోతుంది అన్నాడు. పోయింది. ఆ ఒక్క మధ్యాహ్నం ఇల్లు ఇల్లులా ఉంది. నేను సిగ్గులేకుండా కాళ్లు చాపుకుని టీ తాగాను.

పెద్దాయనను మెట్లు దించాలంటే పొట్ట కింద తువ్వాలు వేసి నేనూ మా ఆయనా చెరో కొస పట్టుకోవాలి. అదే అదను చూసుకుని పిడుగు ఆ తువ్వాలు పట్టుకుని లాగేది. ముసలాడు జాలిగా చూసేవాడు, పిల్ల తోక ఊపేది, నాకు ఏడవాలో నవ్వాలో అర్థమయ్యేది కాదు. మెషిన్ బెల్టు కొరికిన రోజు మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంకొక్క వస్తువు పాడుచేసిందా, తెచ్చిన చోటే దింపేసి వస్తాను" అని మా ఆయనకు తెగేసి చెప్పాను. నేను అన్నానంటే చేస్తాను. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ముందు గదిలో బల్ల, కంటికి భూతద్దం. చీమ కాలికి చెప్పు తొడిగేంత నేర్పు ఆ చేతుల్లో ఉంది గానీ, గుండె మాత్రం మెత్తన. సోమవారం నేను టేపు తీయగానే పిడుగును పట్టుకుని వీధిలోకి వెళ్లిపోయేవాడు. కొలుస్తుంటే చూడలేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ సోమవారం తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాక చెప్పాను.

"పదకొండున్నర."

"అంతా?" అన్నాడు. భూతద్దం కంటికి అలాగే ఉంది.

"అంతే. గురువారం పదకొండింటికి వస్తానన్నాడు డాక్టరు."

"సరే" అన్నాడు, చేతిలో గడియారాన్ని చూస్తూ.

ఆ మూడు రోజులూ నాకు మతి పోయినట్టుంది. పెద్దాయన గిన్నె నాకి నాకి ఖాళీ చేశాడు. మంగళవారం తనంతట తనే వీధి మలుపు దాకా నడిచి, తపాలా పెట్టెను వాసన చూసి వచ్చాడు. వాపు చేత్తో తడిమితే ఎప్పట్లాగే ఉంది. నా చేయి ఒకటి చెబుతోంది, టేపు ఒకటి చెబుతోంది. చేతికేం తెలుసు, దానికి మమకారం అనుకుని టేపునే నమ్మాను. నాకు పని నేర్పిన గురువుగారు ఇచ్చిన టేపు అది. మొదటి ఐదారు అంగుళాల మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అయినా కొసనున్న ఇత్తడి రేకు వేలికి తగిలితే చాలు, నాకు లెక్క తెలిసిపోతుంది.

వింత ఏమిటంటే, అంతకుముందు వారం నుంచే ఊళ్లో అందరికీ ఒళ్లు వచ్చింది. స్కూలు టీచరమ్మకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. బేకరీ ఆయనకు నడుము ముప్పై ఎనిమిది నుంచి నలభై అయింది. "మీ రొట్టెలు మీరే తింటున్నట్టున్నారు, కాస్త తగ్గించండి" అని ఆయన మొహం మీదే అన్నాను. పాపం, మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు.

గురువారం తొమ్మిదింటికి ఆ బేకరీ ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. నేను కుట్టిన ప్యాంటును పిడికిలితో పట్టుకుని ఉన్నాడు.

"టైలరమ్మా, వదిలితే జారిపోతోంది. మీ మాట విని వారం నుంచి రాత్రిళ్లు పస్తులున్నాను. అంత తగ్గిపోయానంటారా?"

వేరే రోజైతే జోకులేసేదాన్ని. ఆ రోజు నాకు ఎవరి నడుముతోనూ పని లేదు. రెండు గంటల్లో మా ఇంట్లో ఒక ప్రాణం పోవాలి, ఈయన ప్యాంటు గొడవేమిటని విసుగుతోనే కొలిచాను. నలభై. నా దగ్గరున్న పాత లుంగీ ఒకటి ఇచ్చి, ప్యాంటు విప్పించి బల్ల మీద పరిచి చెక్క స్కేలుతో కొలిచాను. అదీ నలభై. ఒంటికి టేపు, గుడ్డకు స్కేలు, గురువుగారు నేర్పిన పద్ధతి అది. మనిషి నలభై, ప్యాంటు నలభై. తొడిగితే జారిపోతోంది. ఇదెలా కుదురుతుందో నాకు అంతు పట్టలేదు. నిద్రలేక కళ్లు మసకలేశాయేమోనని ముంజేత్తో తుడుచుకున్నాను.

చివరికి టేపు తీసి స్కేలు పక్కన పరిచాను. టేపు మీద పన్నెండు దగ్గర స్కేలు పది చూపిస్తోంది.

వేళ్లతో కొస తడిమాను. ఇత్తడి రేకు ఉంది. కానీ దాన్ని బిగించిన పిన్ను కొత్తది, ఆవగింజంత. అంత చిన్న పిన్నులు ఈ వీధిలో ఒక్కరి దగ్గరే ఉంటాయి.

"ఏమండీ" అని పిలిచాను. నా గొంతు విని బేకరీ ఆయన లుంగీతోనే బయటికి వెళ్లి నిలబడ్డాడు.

మా ఆయన వచ్చి టేపునూ స్కేలునూ చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బెల్టు కొరికిన మర్నాడు టేపు కొస నమిలేసింది. నువ్వు పిల్లను పంపించేస్తావని భయమేసింది. నమిలిన ముక్క కోసేసి రేకు మళ్లీ బిగించాను. నువ్వు గుర్తుపట్టకూడదని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను."

నేను పెద్దాయన దగ్గరికి పరుగెత్తి, వాపు చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టాను. తొమ్మిదిన్నర. పెద్దాయన నా చేతుల్ని నాకాడు.

"మరి నేను పదకొండున్నర అన్నప్పుడు మీకు గుర్తు రాలేదా? మూడు రోజులు, మూడు రోజులు వాడి పక్కనే తిరిగారు కదా."

ఆయన పిడుగు వైపు చూశాడు. అది నా చెప్పు నోట కరచుకుని మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"తట్టలేదు" అన్నాడు.

దులిపేద్దామని నోరు తెరిచాను. అప్పుడే నా సంగతి గుర్తొచ్చింది. సోమవారం ఆ అంకె చూసి నేల మీద కూలబడ్డప్పుడు, ఏడుపు రావడానికి ముందు నాలో ఇంకో మాట వచ్చింది. హమ్మయ్య అని. ఇక మెట్ల మీద తువ్వాలు మోయనక్కర్లేదు, మాత్రలు దాచనక్కర్లేదు, వచ్చే సోమవారానికి భయపడనక్కర్లేదు. ఎవరి నడుమైనా రెండంగుళాలు తేడా వస్తే నవ్వుకుంటూనైనా రెండోసారి కొలిచేదాన్ని. వాడి ప్రాణాన్ని మాత్రం ఒక్కసారి కొలిచి సరిపెట్టుకున్నాను. ఈ మనిషిని నేనేం అడగను?

"నాకూ తట్టలేదండీ" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపుకు నేను తల దించుకున్నాను.

పదకొండింటికి డాక్టరు సంచీతో వచ్చాడు. కాలు తడిమాడు, తన టేపుతో కొలిచాడు, "ఇవాళ పని లేదు" అన్నాడు. ఇంకెన్ని రోజులని అడిగితే, కొన్ని వారాలు ఉండొచ్చని, మాత్రలు మానొద్దని చెప్పి వెళ్లిపోయాడు. సంతోషించాలో, మళ్లీ మొదటికొచ్చిందని బెంగపడాలో తెలియక వంటింట్లోకి వెళ్లి గుడ్డు ఉడకేశాను. ఈసారి రెండు. ఒకటి మాత్రతో, ఒకటి ఉత్తది.

తర్వాతి సోమవారం నేను కొత్త టేపు తీసినప్పుడు మా ఆయన వీధిలోకి వెళ్లలేదు. పిడుగును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, పెద్దాయన తల పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"తొమ్మిది ముప్పావు" అన్నాను.

"ఇంకోసారి కొలువు" అన్నాడు.