దొరసాని కొత్త ఈకలు

కోడలు దొరసానిని చంకలో పెట్టుకుని నేరుగా మామగారి గదిలోకి వచ్చింది. దొరసాని ఆమె పెరట్లో పెంచుకుంటున్న నాలుగు పెట్టల్లో పెద్దది. మెడ నిక్కించి నడిచే తీరు చూసి ఆ పేరు పెట్టింది ఆమే.

"మామయ్యా, దీని వీపు చూడండి."

వీపు మీద అరచేయంత మేర ఈకల్లేవు. తోలు ఎర్రగా కందిపోయి ఉంది.

మామగారు పేపరు దించలేదు. "మిగతావి పొడుస్తున్నాయేమో. కోళ్ళ తగాదాలు నాకెందుకమ్మా."

ఆయన జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి. చేతులకు వణుకు వచ్చి కొట్టు మూసేశాక దేనిమీదా మనసు నిలవడం లేదు. కొడుకు లారీ ఎక్కితే ఎప్పటికో గానీ ఇల్లు చేరడు. పగలంతా ఆ ఇంట్లో కోడలి కుట్టుమిషను చప్పుడే తప్ప మాటలు తక్కువ.

"పొడవడం కాదు మామయ్యా. నా చెయ్యి చూడండి."

ఆమె మోచేతి మీద సన్నటి నలుసులు పాకుతున్నాయి. ఆయన చూపు అక్కడ ఆగింది. లేచి, బీరువాలోంచి గడియారాల పనికి వాడిన కంటద్దం తీసి కంటికి బిగించుకున్నారు. ఇద్దరూ పెరట్లో ఎండలోకి వెళ్ళారు. కోడలు కోడిని తలకిందులుగా పట్టుకుని తోక కింది ఈకల్ని పాయలు తీసింది. మొదళ్ళలో మిరియాలపొడి చల్లినట్టు నల్లగా ఉంది.

ఆయన వంగి చూశారు.

"ఏం కనిపిస్తోంది మామయ్యా?"

"ఊరు" అన్నారాయన నెమ్మదిగా. "ఊరికి ఊరే ఉందమ్మాయ్ ఇక్కడ. వీధులున్నాయి. జనం అటూ ఇటూ పరిగెత్తుతున్నారు. కడుపు నిండినవాళ్ళు ఎర్రగా ఉన్నారు, నిండనివాళ్ళు పాలిపోయి ఉన్నారు. కాళ్ళు ఎంత సన్నగా ఉన్నాయో, నా దగ్గరున్న ఏ గడియారపు ముల్లూ అంత సన్నం కాదు."

అసహ్యపడాల్సిన చోట ఆయన గొంతులో భక్తి లాంటిదేదో వినిపించి కోడలికి వింతగా అనిపించింది.

పశువుల డాక్టరమ్మ చూసి, రక్తం తాగే సన్న నల్లులని చెప్పింది. పొడి మందు ఇచ్చి, నాలుగు కోళ్ళకూ ఈకల మొదళ్ళకంటా పట్టించమంది. గుడ్లలోంచి కొత్త పురుగులు వస్తాయి కాబట్టి వారం ఆగి మళ్ళీ చల్లాలంది. తాను చెప్పేదాకా కోడిగుడ్లు తినొద్దంది. గూడు కూడా శుభ్రం చెయ్యకపోతే చేసిందంతా బూడిదలో పోసినట్టేనంది.

కోడలు పట్టుకుంటే మామగారు మందు చల్లారు. డబ్బా ఆయన చేతిలో దానంతటదే ఊగి, పొడి మంచులా సమానంగా రాలింది.

"చూశావా, ఈ చేతులకి తగిన ఉద్యోగం దొరికింది" అన్నారాయన. కొట్టు మూశాక ఆయన వేసిన మొదటి జోకు అదే. కోడలు ముక్కుకి కట్టుకున్న గుడ్డలోంచే నవ్వింది.

గూట్లోంచి పాత గడ్డి తీసి తగలబెట్టారు. చెక్కల సందులన్నీ గీకారు. ఒక మూల ఇసుక, బూడిద కలిపి గుంట నింపితే కోళ్ళు అందులో పడి పొర్లాడాయి. రెండోసారి మందు పడ్డాక, కంటద్దంలోంచి చూస్తే ఊరు ఖాళీ అయిపోయింది.

కానీ దొరసాని వీపు బోసిగానే మిగిలింది. ఎండాకాలమంతా అలాగే తిరిగింది. ఆ తర్వాత ఒక ఉదయం కోడలు గూడు తలుపు తీసి కొయ్యబారిపోయింది. దిండు చిరిగినట్టు నేలంతా ఈకలు. దొరసానికి మెడ కూడా బోడి అయిపోయింది. మిగతా మూడూ అంతే.

"మళ్ళీ వచ్చాయి మామయ్యా. మన కష్టమంతా గంగపాలు" అంటూ మందు డబ్బా కోసం లోపలికి పరిగెత్తబోయింది.

"ఆగమ్మా, ముందు చూడనీ."

పాయపాయా వెతికారు. ఒక్క పురుగు లేదు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, "పాత బట్టలు విప్పేస్తున్నాయి, అంతే. ఏడాదికోసారి మామూలే. కొత్త ఈకల మొలకలు నొప్పి పెడతాయి, ఊరికే ముట్టుకోకండి" అంది.

కొన్నాళ్ళకు దొరసాని వీపంతా నీలం రంగు ముళ్ళు పొడుచుకొచ్చాయి. కోడలు గింజలు చల్లి దాన్ని దగ్గరకు పిలిచింది. ఆయన ముట్టుకోకుండా, ఊపిరి బిగబట్టి, నేల మీద కూర్చుని చూశారు.

"ఒక్కో ముల్లూ గొట్టం అమ్మాయ్. అడుగున రక్తం ఆడుతోంది. పైన గొట్టం పగిలి, లోపల చుట్టిపెట్టిన ఈక కొంచెం కొంచెం విప్పుకుంటోంది. ఎన్ని పోగులో. ప్రతి పోగునీ పక్క పోగుతో ఏదో పట్టి ఉంచుతోంది. రా, నువ్వూ చూడు."

కోడలు కూడా నేల మీద కూర్చుని అద్దం కంటికి పెట్టుకుంది. ఏళ్ళ తరబడి బట్టలు కుట్టిన కళ్ళు అవి. ఎక్కడా ముడి లేదు, అతుకు లేదు, తెగిన కొస లేదు.

"ఎవరు కుట్టారు మామయ్యా ఇది?" అంది అద్దం తియ్యకుండానే.

"ఎవరూ కుట్టలేదు. అది రోజూ తినే నూకలే ఇలా అవుతున్నాయి."

ఈకలన్నీ విచ్చుకున్నాక ఒక మధ్యాహ్నం చినుకులు పడ్డాయి. మిగతా పెట్టలు చూరు కిందికి పరిగెత్తాయి. దొరసాని మాత్రం వానలోనే నింపాదిగా నేల గీరుతూ నిలబడింది. నీళ్ళు దాని రాగి రంగు వీపు మీద పూసల్లా నిలిచి, జారి, కింద పడుతున్నాయి. ఒక్క చుక్కా లోపలికి దిగడం లేదు. మిషను మీద బట్ట సగంలో వదిలేసి కోడలు గుమ్మంలోకి వచ్చింది. మామగారు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. వాన ఆగేదాకా ఇద్దరూ అక్కడినుంచి కదల్లేదు.