సఫా నుంచి మర్వా దాకా

ఆదివారం తొమ్మిదయ్యేసరికి స్కూలు హాల్లో బెంచీలన్నీ గోడవారకి జరిపేసేవాళ్ళు. మధ్యలో ఒక చెక్క బీరువా నిలబెట్టి నల్ల దుప్పటి కప్పితే అది కాబా. అటు చివర ఒక బెంచీ సఫా కొండ, ఇటు చివర ఇంకో బెంచీ మర్వా కొండ. హజ్‌కి వెళ్ళేవాళ్ళకి అక్కడ పాఠం చెప్పేది రిటైరైన సోషల్ టీచరు. పిల్లలు పెట్టిన భూగోళం మాస్టారు అనే పేరే ఆయనకి చివరికి మిగిలింది.

అందరికంటే ముందొచ్చి కూర్చునేది ఉత్తరాలమ్మ. ముప్పయ్యేళ్ళు ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి. ఊళ్ళో ఏ కుక్క కరుస్తుందో, ఎవరింటి మెట్టు ఊగుతుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఆ నడకకి ఎడమ మోకాలు అరిగిపోయింది. "అక్కడ చక్రాల కుర్చీలుంటాయి, కూర్చుంటే తోసుకెళ్తారు," అని డాక్టరు చెబితే, "కాళ్ళు నడిచినంత దూరం నడుస్తానండీ, ఆగిపోతే అప్పుడు చూద్దాం," అని లేచొచ్చేసింది.

మొదటి ఆదివారం మాస్టారు యాత్రలో కట్టుకునే ఇహ్రామ్ గురించి చెప్పాడు. "మగవాళ్ళకి కుట్టు లేని రెండు తెల్లగుడ్డలు, అంతే. జేబు ఉండదు, కాలరు ఉండదు. జడ్జిగారెవరో, ఆయన కారు తుడిచే మనిషెవరో పోల్చుకోలేం." క్లాసులో నిజంగానే ఒక జడ్జిగారున్నారు. తన చొక్కా కాలరు ఒకసారి తడుముకుని ఆయనే ముందు నవ్వేశారు.

తర్వాత మాస్టారు బెంచీల దగ్గరికొచ్చాడు.

"చుట్టూ రాళ్ళకొండలు. మనిషి లేడు, చెట్టు లేదు, చుక్క నీళ్ళు లేవు. హాజిరా అమ్మ దాహంతో ఏడుస్తున్న బిడ్డని కింద పడుకోబెట్టి ఈ కొండెక్కి చూసింది. ఎవరూ కనపడలేదు. దిగి ఆ కొండెక్కింది. అక్కడా అంతే. అలా ఏడుసార్లు. ఎంత గొప్పవాడైనా అక్కడికెళ్ళాక ఆ తల్లి నడిచిన దారిన నడవాల్సిందే. మధ్యలో కొంత దూరం మగవాళ్ళు పరుగులాంటి నడక నడవాలి. ఆడవాళ్ళు మామూలుగా నడిస్తే చాలు."

"బాగుందండీ," అంది ఉత్తరాలమ్మ. "మా వంతు పరుగు ఆవిడే పరిగెత్తేసిందన్నమాట."

హాలంతా నవ్వింది. ఆమె మోకాలు పట్టుకుని ఆ బెంచీ నుంచి ఈ బెంచీకి ఏడుసార్లు నడిచింది. ఏడోసారి పూర్తయ్యేసరికి రెండు వీధుల అవతల మంగలి షాపులో కుర్చీ కింద నీళ్ళు ఊరాయి. మంగలి కుర్చీ పక్కకి జరిపి, ఊట దగ్గర బకెట్టు పెట్టి, సగంలో ఉన్న గడ్డం గీకడం పూర్తిచేశాడు. పై ఆదివారం ఆమె నడిచినప్పుడు స్కూలు వాచ్‌మన్ పెరట్లో ఊరాయి. మూడోవారం నుంచి జనం క్లాసు వదిలే వేళకి బిందెలతో గేటు దగ్గర నిలబడి, "ఈసారి ఎక్కడండీ?" అని అడగడం మొదలెట్టారు. ఆ వారం జడ్జిగారి కారు షెడ్డులో వచ్చాయి.

ఉత్తరాలమ్మకి ఒళ్ళు మండింది. "ఆయనింట్లో మూడు కుళాయిలున్నాయి! అక్కడెందుకు?"

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. కొడుకు పోయి రెండేళ్ళయింది. కోడలు ఏడుస్తూ కూర్చోకుండా, అతను మొదలుపెట్టిన మొక్కల నర్సరీని భుజాన వేసుకుంది. గులాబీలకి అంట్లు కట్టడం చేతులు చీరుకుపోతూ నేర్చుకుంది. ఈ ఎండాకాలం బోరు ఎండిపోయింది. ఎంత లోతుకి దించినా దుమ్మే వచ్చింది. ఇంక లాభం లేదు, బతికున్న మొక్కలు తీసుకుని, మూడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని అన్నగారి ఊరు వెళ్ళిపోతానంది కోడలు. "అక్కడ వాళ్ళ షాపులో కూర్చుని బిల్లులు రాస్తాను, ఏం చేస్తాం అత్తయ్యా," అంటూ ఎండిన అంటు కొమ్మని కత్తిరిస్తుంటే, ఉత్తరాలమ్మకి ఆ చేతుల వంక చూడబుద్ధి కాలేదు.

నాలుగోవారం నర్సరీనే తలుచుకుంటూ నడిచింది. నీళ్ళు సోడాల కొట్టులో వచ్చాయి. అందరూ వెళ్ళాక మాస్టారి ముందు కూలబడింది.

"నేను అడిగిన చోట తప్ప ఊరంతా వస్తున్నాయండీ."

"హాజిరా అమ్మ ఎక్కడ వెతికిందమ్మా?"

"కొండల మీద."

"నీళ్ళెక్కడ వచ్చాయి?"

"బిడ్డ కాళ్ళ దగ్గర."

"ఆవిడ పరిగెత్తిన చోట ఒక్క చుక్క రాలేదు."

"మరి అంత పరుగూ ఎందుకండీ?"

మాస్టారు బీరువా మీద దుప్పటి మడతపెడుతూ ఆలోచించాడు. "బిడ్డ ఏడుస్తుంటే కూర్చోలేం కదమ్మా. నమ్మకం ఉన్నవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారనుకుంటాం. ఆవిడకి ఉన్నంత నమ్మకం ఎవరికుంది? అయినా పరిగెత్తింది. పరుగు మన వంతు, నీళ్ళు ఆయన వంతు. ఎక్కడ ఇవ్వాలో మనం చెప్పలేం."

ప్రయాణం దగ్గరపడ్డాక, వెళ్ళడం మానేస్తానంది ఉత్తరాలమ్మ. కోడలు వినలేదు. పెట్టె తనే సర్ది, "మా కోసం కూడా నడవండి అత్తయ్యా. తప్పేదైనా ఉంటే క్షమించండి," అని రెండు చేతులూ పట్టుకుంది. "నీ తప్పేముందే పిచ్చిదానా, నువ్వే నన్ను క్షమించు," అంది అత్త. పక్కన నిలబడ్డ ఉత్తరాలమ్మ తమ్ముడు ముఖం అటు తిప్పుకున్నాడు. యాత్రకి ఆమెకి తోడు అతనే.

కాబా చుట్టూ తిరిగినప్పుడు ఆమెకి ఒంట్లో బరువే తెలియలేదు. వేలమంది మధ్య తనూ ఒక అడుగు, అంతే. సఫా మీద నిలబడి మాత్రం మనసులో గట్టిగా అనుకుంది: ప్రతిసారీ నర్సరీ కోసమే అడగాలి. నాలుగుసార్లు అలాగే అడిగింది. అయిదోసారి మోకాలు మొరాయించింది. గోడ పట్టుకుని నిలబడితే పక్కనే ఒక ముసలావిడ తన బృందం నుంచి తప్పిపోయి వెక్కుతోంది. ఆవిడ భాష ఈమెకి రాదు, ఈమె భాష ఆవిడకి రాదు. ఉత్తరాలమ్మ ఆవిడ చెయ్యి తన భుజాన వేసుకుంది. "పదండి, మీ వాళ్ళు ఎక్కడికి పోతారు, ఈ దారిలోనే ఉంటారు," అని తెలుగులోనే ధైర్యం చెప్పింది. కుంటుతూ ఇద్దరూ నడిచారు. ముసలావిడ కండువా లాంటి పసుపు కండువాల కోసం వెతకడంలో ఆరూ ఏడూ ఎలా గడిచాయో తెలీలేదు. చివరికి మర్వా దగ్గర వాళ్ళు ఎదురొచ్చి ఆవిణ్ణి వాటేసుకున్నారు.

ఆనాడు బిడ్డ కాళ్ళ దగ్గర ఊరిన జమ్‌జమ్ నీళ్ళు తమ్ముడు గ్లాసుతో తెచ్చిచ్చాడు. తాగుతుండగానే ఫోన్ మోగింది.

"అత్తయ్యా, మేం ఊరు దాటాం. పాత ఇటుకబట్టీ ఉంది చూడండి, మూసేసినది, అక్కడ ఆగాం."

"బండి చెడిపోయిందా?"

"లేదు, పాప దిగుతానని గోల. దిగీ దిగగానే చెప్పులు తడిసిపోయాయని ఏడుపు. చూస్తే దాని కాళ్ళ కింద నీళ్ళు. తియ్యగా ఉన్నాయత్తయ్యా. గుంట నిండి పొర్లుతున్నాయి. బట్టీ ఓనరు పెద్దాయన వచ్చి చూశాడు. ఖాళీగా పడున్న నేలే కదమ్మా, ఎక్కడికో ఎందుకు పోవడం, ఇక్కడే నర్సరీ పెట్టుకో అంటున్నాడు. అన్నయ్యకి ఫోన్ చేసి రానని చెప్పేశాను."

ఉత్తరాలమ్మ గ్లాసు తమ్ముడి చేతికిచ్చేసి ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"ఇంతకీ అక్కడ ఏమని అడిగారు మీరు?"

ఆమె గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. "చివర్లో ఏమీ అడగలేదే అమ్మాయ్. మర్చిపోయాను."

అవతల కోడలు నవ్విందో ఏడ్చిందో తెలీలేదు. "బండి అతను తొందరపెడుతున్నాడు, గులాబీలు ఎటు పక్క దించమంటారు?" అంది.

"పొద్దుటెండ పడే వైపు దించమను," అంది ఉత్తరాలమ్మ.